వేట మాంసం పోగులు: కలిసి వెళ్లినవాళ్లు గొడవ పడకుండా పంచుకోవడం ఎలా

ఒకసారి మేం నలుగురం కలిసి వెళ్లిన వేటలో జింక పడింది. కొట్టినవాడు తోలు తీస్తూ తీస్తూనే వెన్ను కండలు రెండూ కోసి తన ఐస్ బాక్సులో పెట్టేసుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. మిగతాది మూడు సంచుల్లో సర్దుకుని, జోకులేసుకుంటూనే ఇళ్లకు పోయాం. ఆ తర్వాత ఆ నలుగురం కలిసి మళ్లీ వేటకు వెళ్లలేదు. ఒకడికి నడుం నొప్పి వచ్చింది, ఒకడింట్లో ఏదో ఫంక్షన్ వచ్చింది, నేనేం సాకు చెప్పానో నాకే గుర్తులేదు. రెండు మూడు కిలోల మాంసం కోసం స్నేహం వదులుకున్నామని అడిగితే ఎవడూ ఒప్పుకోడు, నేను కూడా ఒప్పుకోను. కానీ జరిగింది అదే.

అప్పటి నుంచి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను, కొన్ని పెద్దవాళ్లను చూసి నేర్చుకున్నాను, కొన్ని తిట్లు తిని నేర్చుకున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. ఇది లైసెన్సు తీసుకుని, అనుమతి ఉన్న సీజన్‌లో, అనుమతి ఉన్న జంతువునే వేటాడేవాళ్ల కోసం. నిషేధం ఉన్న చోట వేటాడటమే కాదు, ఆ మాంసం దగ్గర పెట్టుకున్నా, "ఎవరో ఇచ్చార్లే" అని వండుకున్నా కేసు కావచ్చు, కాబట్టి అక్కడ వాటాల గురించి మాట్లాడుకోవడానికి ఏమీ లేదు.

బయల్దేరక ముందే తేల్చుకోవాల్సింది

జంతువు ఇంకా అడవిలో తిరుగుతుంటే ఇప్పుడే వాటాలేంటి, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అని నవ్వేవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు. నవ్వనివ్వండి. వేటలో మాత్రం సోమలింగానికి ముందే పేరు పెట్టేయాలి. జంతువు పడకముందు అందరికీ చెయ్యి ధారాళంగానే ఉంటుంది, "ఏముందిరా, తలా ఇంత తీసుకుందాం" అంటారు. పడ్డాక, చీకటి పడుతూ, ఆకలేస్తూ, చేతులు రక్తంతో జిడ్డుగా ఉన్నప్పుడు అదే మాట మొదలుపెడితే ఒక్కొక్కరి లెక్క ఒక్కో రకంగా బయటికొస్తుంది.

పెద్ద మీటింగ్ ఏమీ అక్కర్లేదు. కారులో వెళ్తూ, "అన్నా, ఏదైనా పడితే అందరికీ సమానంగానా, కొట్టినవాళ్లకు ఎక్కువా?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. జవాబు ఏదైనా పర్వాలేదు, అందరూ విన్నారా లేదా అన్నదే ముఖ్యం. కొత్తగా గుంపులో చేరినవాళ్లు ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు, అడిగితే మాంసం కోసమే వచ్చాడనుకుంటారేమో అని. అందుకే ఇది అడగాల్సింది పాతవాళ్లు. కొత్తవాడు అడిగేదాకా ఆగితే తప్పు మీదే.

సాధారణంగా మూడు పద్ధతులు కనిపిస్తాయి. పడినదంతా వెళ్లినవాళ్లందరికీ సమానం. లేదా ఎవరు కొట్టింది వాళ్లదే, సాయం చేసినవాళ్లకు కొంత ఇస్తారు. మూడోది, కొట్టినవాడికి రెండు వాటాలు, మిగతావాళ్లకు ఒక్కొక్కటి. నా ఓటు పెద్ద జంతువైతే సమాన వాటాలకే. తుపాకి పేల్చే అవకాశం ఎవరికొస్తుందన్నది సగం అదృష్టం. ఒకడు పొద్దున్నుంచి గాలి వాలు చూసుకుని గుట్ట అవతల నడిచాడు కాబట్టే జంతువు ఇవతల కూర్చున్నవాడి ముందుకొచ్చింది, కూర్చున్నవాడు వేలు కదిపాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ వేటాడినట్టు? దీనికి జవాబు వెతకడం మొదలుపెడితే రాత్రంతా సరిపోదు. సమానం అని ముందే అనుకుంటే ఆ ప్రశ్నే రాదు. ఇంకో లాభం కూడా ఉంది. వాటా ఎలాగూ వస్తుందని తెలిసినవాడు తొందరపడి పేల్చడు, దూరం ఎక్కువైనా, అడ్డంగా కొమ్మలున్నా "నేనే కొట్టాలి" అన్న టెన్షన్ ఉండదు.

కొమ్ములు, తోలు వేరే సంగతి. అవి కొట్టినవాడివే, అందులో వాదన పెట్టకండి. ఒకే జంతువు మీద ఇద్దరు పేల్చితే? తప్పించుకోలేని దెబ్బ మొదట ఎవరిదైతే జంతువు వాళ్లదని చాలా గుంపుల్లో లెక్క. ఎక్కడో కాలికి గీసుకుపోయిన తూటాకు హక్కు రాదు, అలాగే అప్పటికే కూలబడ్డదానికి ఆఖరి దెబ్బ వేసి "నాది" అనడమూ కుదరదు. మాంసం ఎలాగూ సమానమే కాబట్టి ఈ తగువు కొమ్ముల దగ్గరే ఆగిపోతుంది, అది కూడా ఎక్కువసార్లు నవ్వులతోనే తేలిపోతుంది.

పిట్టలు, కుందేళ్ల లాంటి చిన్న వేటకు మాత్రం నేను సమాన వాటా అనను. అక్కడ రోజుకు ఇన్ని అని తలా ఒక పరిమితి ఉంటుంది, నా పరిమితి నిండిపోయాక మీ లెక్కలో ఇంకో రెండు కొట్టేయడం చాలా చోట్ల చట్టవిరుద్ధం. కాబట్టి ఎవరి పిట్టలు వాళ్ల తాడుకే కట్టుకోవాలి, అన్నీ ఒకే కుప్పలో పడేస్తే అధికారి వచ్చి అడిగినప్పుడు ఏది ఎవరిదో చెప్పలేక అందరూ ఇరుక్కుంటారు. ఇంటికొచ్చాక ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. నాలుగు కొట్టినవాడు ఖాళీ చేతులతో వెళ్తున్నవాడికి ఒకటి ఇవ్వడం మర్యాద, కానీ ఖాళీ చేతులవాడు అడగకూడదు.

పెద్ద జంతువుకైనా కాగితం ఒకరి పేరు మీదే ఉంటుంది. ట్యాగ్, అంటే ఆ జంతువును వేటాడటానికి ఇచ్చిన అనుమతి చీటీ, ఎవరిదైతే చట్టం ముందు జవాబుదారీ వాళ్లదే, అందుకే రవాణా, రిపోర్టు, ఎప్పుడు ముక్కలు చేయాలి లాంటి వాటిలో ఆఖరి మాట వాళ్లకే వదిలేయాలి. మాంసం ఇంకొకరి చేతికి ఇచ్చేటప్పుడు చాలా చోట్ల ఒక చీటీ కూడా ఉండాలి, ఏ జంతువు, ఏ తేదీ, ఎంత, ఎవరి లైసెన్సు, ఎవరికిస్తున్నారు అని. చట్టం అడగకపోయినా రాసి పెట్టండి, దారిలో ఆపినప్పుడు ఫోన్లో సిగ్నల్ ఉండదు.

పని కూడా వాటాలో భాగమే

నా తప్పు ఒకటి చెప్తాను. ఒకసారి సాయంత్రం అడవి పంది పడ్డాక నాకు అర్జెంటు పని ఉందని చెప్పి వెళ్లిపోయాను. పని నిజమే, కానీ అంత అర్జెంటు కాదు. మర్నాడు పొద్దున్నే మా గుంపులో పెద్దాయనకు ఫోన్ చేసి, "అన్నా, నా వాటా ఎప్పుడొచ్చి తీసుకోను?" అన్నాను. ఆయన తాపీగా, "ఎప్పుడైనా రా తమ్ముడూ, నీ తొడ ఇక్కడే ఉంది, దాని మీద తోలు కూడా అలాగే ఉంది, కత్తి తెచ్చుకో" అన్నాడు. నిజంగానే వదిలేశాడు. అర పూట కూర్చుని ఒలుచుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడూ మధ్యలో లేచి వెళ్లలేదు.

జంతువు పడ్డాక అసలు పని మొదలవుతుంది, అది ఆగేది కాదు. లోపలి వేడి వెంటనే బయటికి పోవాలి, అంటే పొట్ట కోసి పేగులు తీసి, లోపలికి గాలి ఆడేలా తెరిచి పెట్టాలి. 4 డిగ్రీల సెల్సియస్‌కు పైన మాంసంలో బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. ఎండ రోజైతే గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే. ఆ సమయంలో ఫొటోలు దిగుతూ నిలబడినవాణ్ణి అందరూ గమనిస్తారు, పైకి అనరు అంతే. కత్తి పట్టడం రాకపోతే రాదని చెప్పి, కాలు పట్టుకోండి, టార్చి పట్టుకోండి, నీళ్లు మోయండి, తాడు లాగండి. చేతకానివాడికి కూడా చేయడానికి పది పనులుంటాయి. కొట్టినవాడు పొట్ట కోయడం ఒక అలవాటుగా వస్తోంది, అది నాకు న్యాయంగానే అనిపిస్తుంది. మోయడం మాత్రం అందరిదీ.

నిజంగానే వెళ్లిపోవాల్సి వస్తే ముందే చెప్పండి, "నేను ఆరింటికి వెళ్లిపోవాలి, ఏదైనా పడితే కోత పనికి ఉండలేను, నాకు వాటా వద్దు, మిగిలితే కొంచెం ఇవ్వండి" అని. ఇలా చెప్పినవాడికి పూర్తి వాటా పక్కన పెట్టిన గుంపులు చూశాను. చెప్పకుండా మాయమైనవాడికి మెడ ఎముకలు పంపిన గుంపులూ చూశాను. అనారోగ్యమో, వయసో, దెబ్బ తగలడమో అయితే ఈ లెక్కలేవీ వద్దు, వాళ్ల పోగు వాళ్లకు ఇంటికి చేర్చండి.

పోగులు వేసేటప్పుడు

ముందు అంకెలు సరిగ్గా తెలిస్తే సగం అపార్థాలు పోతాయి. పేగులు తీసేశాక 60 కిలోలు తూగిన జింక నుంచి ఎముక లేని మాంసం 25 నుంచి 30 కిలోలు వస్తే బాగా కోసినట్టే. తల, తోలు, కాళ్లు, ఎముకలు, దెబ్బ తగిలి పాడైన భాగం, పైన ఎండిపోయిన పొర, అన్నీ పోతాయి. నలుగురైతే తలా ఆరేడు కిలోలు. "అంత పెద్ద జంతువుకు ఇంతేనా, మిగతాది ఎవడు తిన్నాడు?" అనే అనుమానం కొత్తవాళ్లకు తప్పకుండా వస్తుంది, అది పోవాలంటే కోసేటప్పుడు వాళ్లు దగ్గరుండాలి, ఎముకల కుప్ప కళ్లారా చూడాలి.

పడిన చోటే, వేడి ఆరకముందే కండలు వేరుచేసి పంచేసుకుందామని తొందరపడకండి. చచ్చిన కొన్ని గంటలకు కండ బిగుసుకుంటుంది, ఆ బిగుసు విడిచేదాకా, అంటే దాదాపు ఒక రోజు, ఎముక మీదే చల్లగా వేలాడదీస్తే మంచిది. అంతకు ముందే ఎముక నుంచి కోసి ఫ్రీజర్‌లో పడేస్తే కండ ముడుచుకుపోయి రబ్బరులా అవుతుంది. కాబట్టి ఎవరిదో ఒకరిది చల్లటి గది కావాలి, ఆ గది ఇచ్చినవాళ్ల ఇంట్లో మర్నాడు అందరూ కలవాలి. ఆ ఇంటివాళ్లకు వాసన, రక్తం, ఈగలు, శుభ్రం చేసే పని, అన్నీ అదనం. వాళ్లకు ఒక మంచి ముక్క ఎక్కువ ఇవ్వాలని నేను ఎప్పుడూ పట్టుబడతాను, వాళ్లు వద్దంటారు, అయినా సంచిలో పెట్టేస్తాను. అంతదూరం మోసుకెళ్లే వీలు లేక అడవిలోనే ముక్కలు చేయాల్సి వస్తే అది వేరే సంగతి, అప్పుడు చల్లబెట్టడమే ముఖ్యం, మెత్తదనం తర్వాత.

పంచే పద్ధతి పాతదే, పోగులు వేయడం. మనిషికో కాలు, మనిషికో జబ్బ అని పంచితే సమానంగా కనిపిస్తుంది కానీ కాదు, ఎందుకంటే తొడలో కండ ఎక్కువ, జబ్బలో నరాలు ఎక్కువ, పక్కటెముకల్లో ఎముకే ఎక్కువ. శుభ్రమైన టార్పాలిన్ మీద ఎంతమంది ఉంటే అన్ని కుప్పలు పెట్టి, తొడ మాంసం అంతా ముందు కుప్పలకు పంచి, తర్వాత జబ్బ, తర్వాత మెడ, అలా ఒక్కో భాగం ప్రతి కుప్పకూ వెళ్లేలా వేయాలి. వెన్ను కండ ఎప్పుడూ తగువు తెచ్చేది, దాన్ని పొడవుగా ఉన్నదాన్ని అడ్డంగా సమాన ముక్కలు కోసి అన్ని కుప్పల్లో వేయండి. తూకం ఉంటే మంచిదే, కానీ గ్రాముల దాకా పోతే వేట కాస్తా ఆస్తి పంపకంలా అయిపోతుంది. అటూ ఇటూ పావు కిలో ఉంటే ఉండనివ్వండి.

ఇక ఏ పోగు ఎవరికి? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు కదా, ఆ సామెత ఇక్కడ పనిచేయకుండా చూడాలి. పోగులు వేసినవాడు ఆఖర్న తీసుకోవాలి. ఈ ఒక్క నియమం ఉంటే చాలు, వేసేవాడు వెంట్రుకవాసి తేడా లేకుండా వేస్తాడు, ఎందుకంటే అందరూ వదిలేసిందే తనది. ఇంకో దారి, ఒకడు పోగుల వైపు వీపు పెట్టి నిలబడతాడు, ఇంకొకడు ఒక పోగు మీద కర్ర పెట్టి "ఇది ఎవరికి?" అంటాడు, వీపు తిప్పినవాడు ఒక పేరు చెప్తాడు. పిల్లల ఆటలా ఉంటుంది, అందరూ నవ్వుతారు, ఫిర్యాదు చేయడానికి ఎవరూ మిగలరు. పేరు వచ్చాక మార్చుకోవాలంటే ఇద్దరూ ఇష్టపడి మార్చుకోవచ్చు, మూడోవాడు తలదూర్చకూడదు.

కొన్ని భాగాలు పోగుల్లోకి రానివ్వకండి. వెన్ను లోపలి వైపు ఉండే చిన్న మెత్తటి కండలు, ఆ సైజు జింకలో రెండూ కలిపినా కిలో దాటవు, నలుగురికి కోస్తే ఎవరికీ ఆనదు. అవి ఆ రాత్రే అక్కడే కాల్చుకుని కలిసి తినేయండి. కార్జం, గుండెకాయ కూడా నిలవ ఉండవు, ఆ పూట ఉన్నవాళ్లవే, మర్నాడు వచ్చి "నా వాటా కార్జం ఏది?" అని అడగడం బాగోదు. కార్జం మీద తెల్లటి మచ్చలు, గడ్డలు కనిపిస్తే మాత్రం ఎవరూ తినొద్దు, మిగతా జంతువు సంగతి కూడా తెలిసినవాళ్లకు చూపించి అడగండి. ఎముకలు, తలకాయ కావాలనేవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు, మిగతావాళ్లు అవి పారేసేవే అనుకుంటారు. పారేసే ముందు ఒక్కసారి పెద్దగా అడగండి.

కీమా గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. మిగిలిన తునకలన్నీ కలిపి ఒకేసారి ఆడించి పంచుకుందాం అంటారు, అది ఎవరి జంతువు వాళ్లదైనప్పుడు వద్దనే అంటాను. ఒకడు తన జంతువును గంటలో చల్లబెట్టి ఉంటాడు, ఇంకొకడు కారు డిక్కీలో మధ్యాహ్నమంతా తిప్పి ఉంటాడు. రెండూ కలిశాక మంచిది కూడా చెడ్డదే అవుతుంది. ఒకే జంతువు తునకలైతే పర్వాలేదు, అందులోకి కూడా తూటా తగిలిన చోటి మాంసం వేయకూడదు.

ఇచ్చేటప్పుడు దాచకూడని విషయాలు

మాంసంతో పాటు దాని కథ కూడా ఇవ్వాలి. ఎప్పుడు పడింది, ఎంతసేపటికి దొరికింది, పొట్టకు తగిలిందా, ఎప్పుడు చల్లబడింది. పొట్టకు తగిలి పేగులు చిట్లితే ఆ మురికి అంటిన మాంసాన్ని కడిగి కలిపేయకుండా కోసి పారేయాలి, వాటా తగ్గితే అందరికీ తగ్గుతుంది. రాత్రంతా అడవిలో పడి ఉండి పొద్దున దొరికిన జంతువైతే ఆ సంగతి చెప్పి, తీసుకోవాలా వద్దా అన్నది వాళ్లకే వదిలేయండి. "ఏం కాదులే, బాగా ఉడికిస్తే సరి" అని మీరు నిర్ణయించకూడదు, వాళ్లింట్లో చిన్నపిల్లలు ఉన్నారో లేదో మీకు గుర్తుండకపోవచ్చు.

పిల్లలంటే గుర్తొచ్చింది, సీసం తూటాలు. అవి ఎముకకు తగలగానే కంటికి కనబడని ముక్కలుగా చిట్లి గాయానికి చాలా దూరం దాకా వెళ్తాయి. గాయం చుట్టూ జానెడుకు తగ్గకుండా కోసి తీసేయాలి, నీళ్లతో కడిగితే ముక్కలు ఇంకా పాకుతాయి. గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న ఇంటికి ఇచ్చేటప్పుడు దెబ్బకు దూరంగా ఉన్న భాగం ఇవ్వండి, వీలైతే గుంపు మొత్తం రాగి తూటాలకు మారితే ఈ గోల చాలావరకు తగ్గుతుంది.

అడవి పంది మాంసం ఇస్తే లోపల 71 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కేలా ఉడికించమని నోటితో చెప్పండి, చీటీ మీద కూడా రాయండి. అందులో ట్రైకినెల్లా అనే పురుగు ఉండే అవకాశం ఉంది. ఫ్రీజర్‌లో పెట్టాం కదా చచ్చిపోయి ఉంటుందిలే అనుకుంటారు, అడవి జంతువుల్లో ఉండే కొన్ని రకాలు గడ్డకట్టినా బతుకుతాయి. కుందేళ్లను గ్లౌజులు లేకుండా కోయొద్దు, తులరీమియా అనే జబ్బు చేతి గీతల్లోంచి కూడా ఎక్కుతుంది. ఇక జింక జాతి జంతువుల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు ఉంది, 1967లో అమెరికాలోని కొలరాడోలో మొదట గమనించారు, తర్వాత ఇంకొన్ని దేశాల్లోనూ బయటపడింది. మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా రుజువు కాలేదు గానీ, దానికి కారణమైన ప్రయాన్లు, అంటే ఆకారం చెడిన ఒక రకం ప్రోటీన్లు, వంట వేడికి నాశనం కావు, అందుకే పరీక్షలో పాజిటివ్ వచ్చిన మాంసం తినొద్దంటారు. ఆ జబ్బు ఉన్న ప్రాంతంలో వేటాడితే రిజల్టు వచ్చేదాకా ఎవరికీ పంచకండి. పంచేశాక పది ఇళ్లకు ఫోన్ చేసి "తినేశారా?" అని అడగడం కంటే రెండు వారాలు ఫ్రీజర్‌లో ఉంచుకోవడం సులువు. రెండు మూడు జంతువులుంటే ఏ ప్యాకెట్ ఏ జంతువుదో గుర్తు వేయడం కూడా అందుకే.

బయటివాళ్ల వాటా

నేలగలాయన వాటా మొదటిది. ఆయన తన భూమిలోకి రానిచ్చాడు కాబట్టే ఇదంతా. చాలామంది ఆయనకు మిగిలింది, అంటే పక్కటెముకలో, రక్తం కారుతున్న జబ్బో సంచిలో వేసి గేటుకు తగిలించి వస్తారు. నా దృష్టిలో అది ఇవ్వకపోవడం కంటే అవమానం. శుభ్రంగా కోసి, పొర తీసి, ప్యాక్ చేసి, మంచి భాగమే స్వయంగా వెళ్లి ఇవ్వాలి. ముందు "మీరు తింటారా?" అని అడగాలి కూడా, తినని ఇంటికి తీసుకెళ్లి ఇబ్బంది పెట్టకూడదు. తినకపోతే కంచె బాగుచేయడంలో ఒక పూట సాయం చేయండి, దానికి మించిన వాటా లేదు.

కుక్కలు తెచ్చినాయనకు మనిషి వాటా ఉంటుంది, కుక్కలకు వేరే వాటా ఉండాలా అన్నది మీ గుంపు ఇష్టం. నేనైతే ఉండాలనే అంటాను, దెబ్బతిన్న జంతువును వెతికి పట్టుకున్నది అవే కదా. కానీ పచ్చి పేగులు, పచ్చి కార్జం అక్కడికక్కడ కుక్కలకు విసిరేయడం మానేయండి. వాటిలో బద్దెపురుగుల తిత్తులుంటే కుక్కకు, కుక్క నుంచి ఇంట్లోవాళ్లకు వస్తాయి. అడవి పంది నుంచైతే ఆజెస్కీ అనే వైరస్ జబ్బు తగలొచ్చు, అది తగిలిన కుక్క బతకదు. ఉడికించి పెట్టండి.

రాలేకపోయిన పాత స్నేహితుడికి పంపాలనుకుంటే మీ వాటాలోంచి పంపండి, అందరి కుప్పలోంచి తీసి మీ పేరు మీద పంపకండి. ఇది ఎంత మామూలుగా జరుగుతుందో చెప్పలేను.

డబ్బు సంగతి కూడా ఇక్కడే. పెట్రోలు, ఐసు, కోత కూలి, ప్యాకింగు, వీటిని మాంసంతో ముడిపెట్టొద్దు. "నువ్వు పెట్రోలు డబ్బులివ్వలేదు, అందుకే రెండు కిలోలు తగ్గించా" అన్న మాట వినడానికే అసహ్యంగా ఉంటుంది, పైగా వేట మాంసం అమ్మకం నిషేధం ఉన్న చోట డబ్బుకు బదులు మాంసం అన్న లెక్క అమ్మకం కిందికే రావచ్చు. ఖర్చులన్నీ వెళ్లినవాళ్లందరికీ సమానంగా పడాలి, ఏదీ పడని రోజు కూడా. కోత బయట చేయిస్తే ఆ కూలి మాత్రం మాంసం తీసుకున్నవాళ్లే పంచుకోవాలి, వద్దన్నవాడి మీద వేయకూడదు.

తీసుకునేవాళ్లకు

మీ ఫ్రీజర్‌లో ఎంత చోటుందో, మీ ఇంట్లో ఎంతమంది తింటారో తెలుసుకుని తీసుకోండి. పోయినేడాది ప్యాకెట్లు అడుగున తెల్లగా ఎండిపోయి ఉంటే ఈసారి సగం పోగు చాలని చెప్పండి, ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఉచితంగా వచ్చింది కదా అని మొత్తం తీసుకుని తర్వాత పారేసిన సంగతి ఎలాగోలా గుంపుకు తెలుస్తుంది. ఇంకొకరికి ఇవ్వాలనుకుంటే ఇచ్చినవాడికి ఒక మాట చెప్పండి, ఆ చీటీ కూడా మాంసంతోనే వెళ్లాలి. వండాక ఎలా వచ్చిందో చెప్పండి, గట్టిగా ఉంటే ఉందనే చెప్పండి, వేలాడదీసిన రోజులు తక్కువయ్యాయా, ముసలి జంతువా, కోత తప్పా అన్నది వచ్చేసారికి పనికొస్తుంది.

వాటా విషయంలో మనసు నొచ్చుకుంటే అదే రోజు, పోగులు ఇంకా టార్పాలిన్ మీద ఉండగానే చెప్పాలి. "బావా, ఇందులో వెన్ను కండ పడలేదు, ఒక ముక్క ఇటు వెయ్యి" అంటే అర నిమిషంలో అయిపోతుంది. నెల తర్వాత మూడో మనిషి ద్వారా తెలిస్తే దానికి మందు లేదు. నేను మొదట్లో చెప్పిన జింక రోజు నేనీ ఒక్క మాట అని ఉండాల్సింది, ఆ వెన్ను కండలు తీసుకున్నవాడికి బహుశా అది తప్పని కూడా తెలియదు, వాళ్ల గుంపులో కొట్టినవాడికి అలాగే ఇచ్చేవాళ్లేమో, మేం అడగనూ లేదు.

ఇక ఏమీ దొరకని రోజులు, అవే ఎక్కువ కదా. ఆ రోజు సామాన్లు దించేటప్పుడు ఎవరి ఫ్రీజర్‌లోనైనా పాత వేటది మిగిలి ఉంటే మా వాళ్లు ఒక ప్యాకెట్ తీసి అక్కడే వండేస్తారు, పెట్రోలు లెక్క కూడా ఆ తినే దగ్గరే తేలుతుంది, గిన్నెలు మాత్రం ఆ రోజు గురి తప్పినవాడు కడగాలి.